నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సక్యులెంట్లు: సాగిపోకుండా, కుళ్లిపోకుండా పెంచడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్న రోజు ఆకులన్నీ ఒకదానికొకటి ఆనుకుని ముద్దగా ఉన్న మొక్క, రెండు నెలలు తిరిగేసరికి కాడ సాగి, ఆకుకీ ఆకుకీ మధ్య వేలెడు సందు వచ్చేస్తుంది. అది బతికి బట్టకట్టినా కార్తీకం వానలకు మొదలు మెత్తబడి ఒరిగిపోతుంది. ఈ రెండు జిల్లాల్లో సక్యులెంట్లు (ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకునే మొక్కలు) పెంచేవాళ్లు అడిగే ప్రశ్నల్లో ఎక్కువభాగం ఈ రెండు కష్టాల చుట్టూనే తిరుగుతాయి. కింది జవాబులు ఇక్కడి ఎండకూ, ఇక్కడి వానకూ తగ్గట్టు రాసినవి. బెంగళూరు, పుణె వాళ్లు వీడియోల్లో చెప్పే లెక్కలు మన తీరంలో చాలావరకు కుదరవు.

మా ఎండకు ఏ రకాలు నిలుస్తాయి?

సక్యులెంట్లన్నీ ఎడారి మొక్కలు కావు. గులాబీలా ఆకులు పేర్చుకునే, అందరూ ఇష్టపడే ఎచివేరియా ఎక్కువగా మెక్సికో ఎత్తు ప్రాంతాలది. అక్కడ పగలు ఎండ గట్టిగా కాసినా రాత్రి చల్లబడుతుంది. నెల్లూరు, కావలి, ఒంగోలులో మే నెల రాత్రి కూడా ఉక్కపోతే. దానికి కష్టమంతా అక్కడే.

సక్యులెంట్లలో చాలావాటికి ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి. రాత్రి లోపలికి తీసుకున్న బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, పగలు వెలుతురు రాగానే వాడుకుంటాయి. మన పెరళ్లలో ఉండే రణపాల ఆకు తెల్లవారుజామున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉండేది ఇందుకే. ఒకప్పుడు సామర్లకోట తోట బాధ్యత చూసుకున్న బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త మన దేశంలోనే దీన్ని గమనించి రాసిన ఉత్తరం 1815లో లండన్‌లో అచ్చయింది. రాత్రి చల్లబడకపోతే ఈ పని కుంటుపడుతుంది. మొక్క పెరగడం మానేసి పడుకుంటుంది. పడుకున్న మొక్కకు నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది.

కాబట్టి మొక్కను బట్టి చోటు చూడాలి. అడీనియం, పోర్టులకేరియా, కిత్తనార జాతి అగేవ్‌లు, కలబంద, నాగజెముడు, ముళ్ల యుఫోర్బియా, గడ్డిగులాబి రోజంతా ఎండలో ఉన్నా బాగుంటాయి. ఘోస్ట్ ప్లాంట్ అని అమ్మే గ్రాప్టోపెటాలమ్, అసలు జేడ్ అయిన క్రాసులా, పాండా ప్లాంట్ అనే కలాంకో, సెడమ్ రకాలకు పొద్దుటి ఎండ చాలు. హావోర్తియా, గాస్టేరియా, స్నేక్ ప్లాంట్ వసారాలోనే ముద్దగా పెరుగుతాయి. ఎచివేరియా పెంచాలంటే ఎండాకాలంలో చాలా శ్రద్ధ కావాలి. లిథాప్స్, సెంపర్‌వివమ్ మాత్రం తీరపు ఊళ్లలో కొనకపోవడమే మేలు. కనిగిరి, మార్కాపురం, ఉదయగిరి వైపు గాలిలో తేమ తక్కువ, చలికాలం రాత్రులు మరికాస్త చల్లన. అక్కడివాళ్లు ఎచివేరియాతో కొంచెం ధైర్యం చేయొచ్చు.

మొదటిసారి పెంచేవాళ్లకు మా సలహా: పోర్టులకేరియా, గ్రాప్టోపెటాలమ్, హావోర్తియా. ఈ మూడూ ఒక ఏడాది నిలిచాక మిగతావాటి సంగతి చూడండి.

మొక్క ఎందుకు సాగిపోతుంది?

వెలుతురు చాలక. మిగతా కారణాలన్నీ దీని తర్వాతే. వెలుతురు తగ్గితే మొక్క దాన్ని వెతుక్కుంటూ కణుపుల మధ్య దూరం పెంచుతుంది, ఆకులు పల్చబడి కిందికి వాలతాయి, రంగు వెలిసి పచ్చగా మారుతుంది. మన ఎండకు భయపడి మొక్కను హాల్లో టీవీ పక్కన పెట్టినప్పుడు జరిగేది ఇదే. మనిషి కంటికి వెలుగ్గా కనిపించే గది, ఈ మొక్కకు చీకటి.

నీడకు తోడు నీళ్లు, నత్రజని ఎక్కువైతే సాగడం ఇంకా వేగంగా జరుగుతుంది. నీడలో ఉన్న మొక్కకు యూరియా వేయడమంటే సాగిపొమ్మని చెప్పడమే. మొక్కల్ని ఒత్తుగా పేర్చినా ఇంతే. పక్క కుండీ ఆకుల నీడ పడకుండా కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉంచండి.

సాగడం మొదలైన గుర్తు ముందే పట్టుకోవచ్చు. గులాబీలా ఆకులు పేర్చుకునే రకాల్లో నడిమి ఆకులు పైకి చూస్తూ ఉండాలి. బయటి వరస ఆకులు కుండీ అంచు కిందికి వంగుతున్నాయంటే వారం రోజుల్లో చోటు మార్చాలి.

ఎంత ఎండ కావాలి? ఏ వైపు పెట్టాలి?

తూర్పు. పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర, పదకొండు దాకా పడే నాలుగైదు గంటల ఎండ ఈ మొక్కల్ని ముద్దగా ఉంచుతుంది. తూర్పు వాకిలి ఇళ్లలో మెట్ల పక్కన, వసారా అంచున సరిపోయే చోటు తేలిగ్గా దొరుకుతుంది. దక్షిణం వైపు చలికాలంలో బాగుంటుంది. పడమర అన్నిటికంటే చెడ్డది. మధ్యాహ్నం ఎండ, పడమటి వడగాలి, ఎండలో కాగిన గోడ వేడి మూడూ కలిసి తగులుతాయి. ఉత్తరం హావోర్తియాకు, గాస్టేరియాకు చాలు.

మిద్దె మీద పెట్టేవాళ్లు కుండీని నేరుగా సిమెంటు నేల మీద ఆనించొద్దు. రెండు వరసల ఇటుకల మీదో, ఇనుప స్టాండు మీదో పెట్టి కింద గాలి ఆడనివ్వండి. పిట్టగోడకు కనీసం రెండడుగుల దూరం ఉంచండి. ఆ గోడ సాయంత్రం దాకా వేడిని వెనక్కి కొడుతూనే ఉంటుంది.

నీడలో ఉన్న మొక్కను ఒక్కసారిగా ఎండలోకి మార్చకూడదు. మొదట రోజుకు ఒక గంట, మూడు నాలుగు రోజులకొకసారి మరో గంట చొప్పున పెంచుతూ రెండు వారాల్లో పూర్తి పొద్దుటి ఎండకు తేవాలి. తొందరపడితే ఆకు మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. అవి ఎప్పటికీ పోవు, ఆ ఆకు రాలేదాకా కనిపిస్తూనే ఉంటాయి.

సాగిపోయిన మొక్క మళ్లీ ముద్దగా అవుతుందా?

సాగిన కాడ వెనక్కి కుంచించుకోదు. తల కోసి మళ్లీ నాటాలి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా దీనికి మంచి కాలం. అక్టోబరు, నవంబరు నెలల్లో కోస్తే గాటు ఆరక కుళ్లు పడుతుంది. రోహిణి కార్తెలో కోస్తే తల వాడిపోతుంది.

ముందు వారం రోజులు నీళ్లు ఆపండి. పదునైన బ్లేడును మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి, తల కింద అంగుళం కాడ ఉండేట్టు ఒక్క వేటున కోయండి. కాడ అడుగున ఉన్న రెండు మూడు ఆకుల్ని పక్కకు తిప్పుతూ మొదలంటా తీయండి. కోసిన తలను నీడలో, గాలి తగిలేచోట నాలుగు నుంచి ఏడు రోజులు ఉంచితే గాటు మీద పొర కడుతుంది. గాటు వేలికి గట్టిగా, పొడిగా తగలాలి. లావు కాడ అయితే పది రోజులైనా పరవాలేదు.

ఆ తర్వాత పొడి మట్టి మిశ్రమం మీద కూర్చోబెట్టి, వారం తర్వాత మొదటిసారి కొద్దిగా నీళ్లు చల్లండి. రెండు నుంచి నాలుగు వారాల్లో వేళ్లు వస్తాయి. మెల్లగా కదిపి చూస్తే పట్టు తెలుస్తుంది. పాత మోడును పారేయొద్దు. దాన్ని పొద్దుటి ఎండలో ఉంచితే కణుపుల దగ్గర రెండు నుంచి ఐదు పిలకలు వేస్తుంది. తీసిన ఆకుల్ని కూడా పొడి ఇసుక మీద పరిస్తే గ్రాప్టోపెటాలమ్, సెడమ్ ఆకుల నుంచి పిల్లమొక్కలు వస్తాయి. ఆకు మొదలంటా రాకుండా మధ్యలో తెగితే దాని నుంచి మొక్క రాదు.

హావోర్తియా, కలబంద రకాలను ఇలా తల కోసి నాటడం అనవసరం. వాటి పక్క పిలకల్ని వేరుతో సహా విడదీసి నాటుకోవచ్చు.

మట్టి ఎలా కలపాలి?

ఒక్క కొలత పాత్ర తీసుకోండి, మగ్గు అయినా సరే. దానితో:

- 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఇటుక ముక్కలు రెండు మగ్గులు
- జల్లించి కడిగిన ముతక నది ఇసుక రెండు మగ్గులు
- సగం కాలిన నల్ల ఊక ఒక మగ్గు
- బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక మగ్గు

ఇటుక ముక్కలు కొట్టాక పొడిని తప్పకుండా జల్లించి తీసేయాలి. ఆ పొడే రంధ్రాలు మూసేసి మట్టిని సిమెంటులా చేస్తుంది. పిండి జల్లెడలో కిందికి దిగిపోయేది వద్దు, పైన నిలిచేది కావాలి. ఇసుకకు కూడా అదే నియమం. పెన్నా ఇసుకలో ముతకది ఏరుకుంటే చక్కగా పనికొస్తుంది. మైపాడు, కొత్తపట్నం బీచుల ఇసుక వద్దే వద్దు. అది సన్నం, పైగా ఉప్పు. చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలు ఉన్నాయి గనక సన్న చిప్స్ తేలిగ్గా దొరుకుతాయి. ఇసుకకు బదులు అవి వాడొచ్చు కానీ గ్రానైట్ నీళ్లు పీల్చదు, ఇటుక పీలుస్తుంది. అందుకే ఇటుకను పూర్తిగా మానేయకండి.

ఊక విషయంలో ఒక జాగ్రత్త. మన రైస్ మిల్లుల బాయిలర్ నుంచి వచ్చే తెల్ల బూడిద వాడకూడదు. అది క్షారం, మెత్తగా పేరుకుపోతుంది. ఊక ఆకారం చెడకుండా నల్లగా కాలినది కావాలి. ఒకసారి నీళ్లలో కడిగి ఆరబెట్టి కలపండి.

పొలం రేగడి ఒక్క పిడికెడు కూడా కలపొద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుని వేళ్లను తెంపుతుంది.

కలిపింది సరిగ్గా ఉందో లేదో చూడాలంటే ఆరంగుళాల కుండీ నింపి ఒక మగ్గు నీళ్లు పోయండి. నీళ్లు పైన నిలవకుండా వెంటనే దిగి, కొన్ని క్షణాల్లోనే అడుగు రంధ్రం నుంచి కారాలి. పైన చెరువు కట్టిందంటే ఇంకో మగ్గు ఇటుక ముక్కలు కలపండి.

కోకోపీట్ వాడొచ్చా?

కోకోపీట్ అంటే కొబ్బరి పీచు పొట్టు. మన దగ్గర వద్దనే చెబుతాం. వాయుగుండం రోజుల్లో అది వారాలపాటు తడి వదలదు. ఎండాకాలంలో పూర్తిగా ఎండితే మళ్లీ నీళ్లు పట్టదు, పోసినవి అంచుల వెంట జారి బయటికి పోతాయి. సరిగా కడగని కోకోపీట్‌లో ఉప్పు కూడా ఉంటుంది.

నీళ్లు బాగా దిగడానికి కుండీ అడుగున రాళ్లు వేస్తారు కదా?

చాలామంది వేస్తారు, కానీ దానివల్ల మేలు లేదు. సన్న రంధ్రాల మట్టి తాను పూర్తిగా తడిసేదాకా కింది పెద్ద ఖాళీల్లోకి నీళ్లు వదలదు. అంటే రాళ్ల వరసకు పైనే ఒక తడి పొర నిలుస్తుంది, అదీ వేళ్లకు ఇంకా దగ్గరగా. కుండీ లోతు కూడా తగ్గిపోతుంది. రంధ్రం మీద దోమతెర ముక్క ఒకటి వేసి, పైదాకా ఒకే మిశ్రమం నింపండి. మట్టి పైన మాత్రం అర అంగుళం బేబీ చిప్స్ (సన్న కంకర) పరిస్తే మంచిది. కింది ఆకులు తడిమట్టికి అంటుకోవు, వాన చినుకులకు బురద ఎగిరి ఆకుల మీద పడదు.

ఎలాంటి కుండీ? ఎంత పెద్దది?

మొక్క వెడల్పు కంటే ఒక అంగుళం ఎక్కువ ఉంటే చాలు. చిన్న మొక్కకు పెద్ద కుండీ పెడితే వేళ్లు చేరని మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వేళ్లకు చోటు తక్కువగా ఉన్నప్పుడే మొక్క పొట్టిగా, ముద్దగా నిలుస్తుంది.

రంగు పూయని మట్టి కుండీ అన్నిటికన్నా మేలు, గోడల నుంచి కూడా తేమ ఆవిరవుతుంది. నల్ల నర్సరీ ప్లాస్టిక్ కుండీ మిద్దె ఎండలో కాగిపోయి, ఎండ తగిలే వైపు వేళ్లను మాడుస్తుంది. ప్లాస్టిక్కే వాడాలంటే తెల్లది ఎంచుకుని అడుగున నాలుగైదు రంధ్రాలు అదనంగా పెట్టండి. గాజు సీసాలు, రంధ్రం లేని పింగాణీ కప్పులు బహుమతిగా ఇవ్వడానికి బాగుంటాయి, మొక్కకు మాత్రం పనికిరావు.

ఎన్ని రోజులకోసారి నీళ్లు పోయాలి?

రోజుల లెక్క కంటే పుల్ల లెక్క నమ్మకమైనది. కొబ్బరి ఈనె పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి ఐదు నిమిషాలు ఉంచి తీయండి. పుల్లకు మట్టి అంటినా, చల్లగా తగిలినా ఇంకా ఆగాలి. కింది ఆకులు కాస్త మెత్తబడి సన్న ముడతలు పడితే అడుగుతున్నట్టు లెక్క. పోసినప్పుడు మాత్రం రంధ్రం నుంచి కారేదాకా పోయండి. రోజూ గుక్కెడు చిలకరిస్తే పై వేళ్లకే అలవాటు పడి మొక్క బలహీనపడుతుంది.

నాలుగంగుళాల మట్టి కుండీకి, పై మిశ్రమంతో, సుమారుగా ఇలా కుదురుతుంది. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వారానికోసారి. ఇది తీరంలో ఈ మొక్కలు నిజంగా పెరిగే కాలం. మార్చిలో ఐదారు రోజులకు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా రెండు దారులు: ఎండలో ఉన్న అడీనియం, పోర్టులకేరియాలకు రెండు మూడు రోజులకోసారి, నీడలో పడుకున్న ఎచివేరియా, గ్రాప్టోపెటాలమ్‌లకు ఎనిమిది పది రోజులకోసారి కొద్దిగా. జులై నుంచి సెప్టెంబరు దాకా ఆరేడు రోజులకు, సాయంత్రపు గాలివాన పడితే ఆ వంతు మానేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా కప్పు కింద ఉన్నవాటికి పన్నెండు, పదిహేను రోజులకోసారి. ముసురు పట్టిన రోజుల్లో అసలు వద్దు.

ఎండాకాలంలో రాత్రి ఎనిమిది దాటాక, కుండీ చల్లబడ్డాక పోయండి. మధ్యాహ్నం కాగిన మట్టిలో నీళ్లు పోస్తే వేళ్లు ఉడుకుతాయి. చలికాలంలో పొద్దున పోయడం మేలు. ఎప్పుడైనా సరే ఆకుల నడిమి గుంటలో నీళ్లు నిలవనివ్వకండి. నిలిస్తే గుడ్డ కొసతో పీల్చి తీసేయండి.

మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఏం చేయాలి?

తీరం వెంట చాలా ఊళ్లలో ఇదే పరిస్థితి. మట్టి కుండీ బయట తెల్ల పొర, మట్టి మీద తెల్ల పొక్కు కనిపిస్తే ఉప్పు పేరుకుంటున్నట్టే. ఆకు కొసలు ఎండుతాయి, కొత్త వేళ్లు మాడతాయి. వాన నీళ్లను డ్రమ్ములో పట్టుకుని దోమలు చేరకుండా మూతపెట్టి దాచుకుంటే అంతకు మించినవి లేవు. అవి అయిపోతే కుళాయి నీళ్లు. బోరు నీళ్లే దిక్కయితే రెండు నెలలకోసారి కుండీ పరిమాణానికి మూడింతల మంచినీళ్లు ధారగా పోసి ఉప్పు కడిగేయండి, ఏడాదికోసారి మట్టి మార్చండి. ఇంట్లో ఆర్వో ఫిల్టరు నుంచి వృథాగా పోయే నీళ్లు పోయొద్దు, ఉప్పంతా వాటిలోనే చేరుతుంది.

వానాకాలాన్ని ఎలా దాటించాలి?

ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. నెల్లూరుకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. ఒక వాయుగుండం వస్తే నాలుగైదు రోజులు సూర్యుడు కనిపించడు, గాలి ఆడదు, ఆకులు ఆరవు. ఎండకు చచ్చే సక్యులెంట్లు తక్కువ, ఈ ముసురుకు చచ్చేవే ఎక్కువ.

సెప్టెంబరు చివరికల్లా కప్పు సిద్ధం చేసుకోండి. 200 మైక్రాన్ల తెల్ల యూవీ పాలిథిన్ షీటును పైపుల మీదో, సర్వి కర్రల మీదో వాలుగా కట్టండి. వాలు అడుగుకు మూడంగుళాలైనా ఉంటే నీళ్లు సంచిలా నిలిచి చింపవు. నాలుగు పక్కలా పూర్తిగా వదిలేయాలి. పక్కలు కూడా మూసేస్తే లోపల ఆవిరి పట్టి బూజు కడుతుంది. వాన జల్లు ఈశాన్యం నుంచి కొడుతుంది గనక ఆ వైపు షీటును రెండడుగులు ముందుకు వదలండి. కుండీల కింద సాసర్లు ఉంటే తీసేయండి.

తుపాను హెచ్చరిక వస్తే షీటును ముందే విప్పి మడిచిపెట్టాలి. గాలికి అది తెరచాపలా లేస్తే కర్రలతో సహా పక్కింటి మీద పడుతుంది. కుండీలను మెట్ల గదిలోకో, వసారాలోకో దించండి. నీళ్లు పోయకుండా ఉంటే నాలుగు రోజుల చీకటికి ఏమీ కాదు. లోపల గాలి కోసం టేబుల్ ఫ్యాను ఆడనివ్వండి. దించలేనంత పెద్ద కుండీలను పక్కకు పడుకోబెట్టండి, వాన లోపలికి దిగదు.

వాన వెలిసిన మర్నాడు కాసే ఎండ మోసం చేస్తుంది. నాలుగు రోజులు మబ్బులో ఉన్న ఆకు ఆ ఎండకు ఒక్క పూటలో కాలుతుంది. మూడు నాలుగు రోజులు షేడ్ నెట్ (నీడనిచ్చే వల) కింద ఉంచి తర్వాత బయటికి తేవాలి.

మొదలు నల్లబడి మెత్తగా అయింది. బతుకుతుందా?

పైభాగం గట్టిగా ఉంటే బతికించొచ్చు, కానీ ఆ రోజే చేయాలి. మొక్కను కుండీ నుంచి తీసి, నల్ల భాగానికి పైన కోయండి. కోత ముఖం మధ్యలో గోధుమరంగు చుక్కగానీ, వలయంగానీ కనిపిస్తే ఇంకొంచెం పైకి కోయాలి. శుభ్రమైన లేత ఆకుపచ్చ కనిపించేదాకా ఆపొద్దు. ప్రతి కోతకూ బ్లేడు స్పిరిట్‌తో తుడవాలి. గాటుకు గంధకం పొడి అద్ది వారం రోజులు ఆరబెట్టి, పైన చెప్పినట్టే నాటండి. ఆ మట్టిని పారేయాలి. కుండీని కడిగి రెండు రోజులు మంచి ఎండలో ఉంచాక వాడుకోవచ్చు. పక్కనున్న కుండీలకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (కుళ్లు తెగులు మందు) కలిపి మట్టిలో పోయండి.

నడిమి మొవ్వే మెత్తబడితే ఇక ఆ తల పోయినట్టే. గట్టిగా ఉన్న ఆకులు తీసి పెంచుకోండి.

రోహిణి కార్తెలో ఎలా కాపాడాలి?

ఏప్రిల్ మొదటి నుంచి జూన్ చివరిదాకా లేత రకాల మీద 50 శాతం షేడ్ నెట్ ఉంచండి, రోహిణి కార్తె రెండు వారాలు ఎచివేరియాకు 75 శాతం. నెట్ మొక్కకు నాలుగడుగుల పైన ఉండాలి, దగ్గరగా కడితే వేడి కిందే నిలుస్తుంది. ఈ మూడు నెలలూ ఎరువు, కోత, కుండీ మార్పు ఏవీ వద్దు. మొక్క కాస్త చిన్నబోయినా, కింది ఆకులు ఎండినా కంగారుపడి నీళ్లు పోయకండి. అది పడుకుని ఉంది.

ఎరువు వేస్తేనే పెరుగుతుందా?

మట్టిలో కలిపిన పశువుల ఎరువే ఏడాది చాలావరకు సరిపోతుంది. ఇంకా వేయాలనుకుంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి మొదట్లో నెలకొకసారి 19:19:19 ఎరువును (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండేది) లీటరు నీటికి ఒక గ్రాము మించకుండా, తడి మట్టిలో మాత్రమే పోయండి. యూరియా, పచ్చి పేడనీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు వద్దు. చివరిది పోస్తే ఈగలు, బూజు తప్ప మరేమీ రాదు.

ఆకుల సందుల్లో తెల్లటి దూది కనిపిస్తోంది.

పిండినల్లి. కొన్ని కుండీలే అయితే ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్కదాన్నీ తుడవండి. సాయంత్రం పూట చేయండి, మూడు రోజులకోసారి చొప్పున మూడు వారాలు. గుడ్లు పొదిగి మళ్లీ వస్తాయి గనక ఒక్కసారితో ఆపకూడదు. ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక మిల్లీలీటరు లిక్విడ్ సోపు కలిపి పొద్దుగూకాక పిచికారీ చేసి, మర్నాడు మొక్కను నీడలో ఉంచండి. ఆకు మీద తెల్లని సహజమైన పొడి ఉండే ఎచివేరియా, గ్రాప్టోపెటాలమ్‌ల మీద నూనె కొట్టొద్దు. ఆ పొడే వాటికి ఎండ నుంచి రక్షణ, పోతే ఆ ఆకు మీద తిరిగి రాదు. వేళ్లతో తడిమినా పోతుంది.

చీమలు కుండీ ఎక్కుతుంటే ముందు వాటి సంగతి చూడాలి. పిండినల్లిని మోసుకొచ్చి కాపలా కాసేవి అవే. మొక్క ఏ కారణం లేకుండా కుంగిపోతుంటే కుండీ నుంచి లాగి వేళ్లు చూడండి. అక్కడా తెల్ల దూది ఉంటే మట్టంతా దులిపి, వేళ్లు కడిగి, నాలుగు రోజులు ఆరబెట్టి కొత్త మట్టిలో నాటండి.

ఎండాకాలంలో ఆకులు దుమ్ముపట్టినట్టు కంచురంగులోకి మారితే ఎర్రనల్లి. వానాకాలంలో ఒక్క రాత్రిలో ఆకులు కొరికినట్టుంటే నత్తలు, టార్చి తీసుకుని తొమ్మిది గంటలకు వెతికితే దొరుకుతాయి.

కుండీల్లో కాకుండా నేలలో నాటొచ్చా?

ఎర్రనేల, ఇసుకనేల అయితే హాయిగా. రేగడి అయితే నేల మీద అడుగున్నర ఎత్తు దిబ్బ కట్టి దాని మీద నాటాలి. అడుగున ఇటుక, కాంక్రీటు ముక్కలు, పైన ఒక అడుగు మందాన ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక, చిప్స్ రెండు పాళ్లు. దిబ్బ ఒకవైపు వాలుగా ఉండాలి, చుట్టూ కాలువ గీయాలి. వాన వెలిసిన గంటకు దిబ్బ చుట్టూ నీళ్లు నిలిచి ఉంటే ఎత్తు చాలలేదని అర్థం. నేలలో కిత్తనార రకాలు, కలబంద, యుఫోర్బియా, పోర్టులకేరియా, అడీనియం నిలుస్తాయి. మార్కాపురం పలకరాయి ముక్కలు దొరికితే దిబ్బ అంచుకు నిలబెట్టి పేర్చుకోవచ్చు, మట్టి జారదు, చూడ్డానికీ బాగుంటుంది.

అడీనియం పొడుగ్గా ఒకే కొమ్మగా పెరిగింది.

దానికి నీడ తగులుతోంది. రోజంతా ఎండలోకి మార్చి, ఫిబ్రవరి చివర కొమ్మను దుంపకు నాలుగైదు అంగుళాల పైన కోయండి. గాటు కింద మూడు నాలుగు కొత్త కొమ్మలు వస్తాయి. పాలు కారడం ఆగాక గంధకం పొడి అద్దండి. కుండీ మార్చేటప్పుడు ప్రతిసారీ దుంపను అర అంగుళం పైకి లేపి నాటితే లావుగా తేలుతుంది. డిసెంబరులో ఆకులు రాలడం సహజం, అప్పుడు నీళ్లు బాగా తగ్గించాలి. దుంప వేలికి మెత్తగా తగిలితే రెండు అర్థాలు: మట్టి పొడిగా ఉంటే దాహం, తడిగా ఉంటే కుళ్లు.

కొన్నప్పుడు ఉన్న ఎరుపు, ఊదా రంగులు పోయాయి.

ఆ రంగులు గట్టి వెలుతురు, చల్లని రాత్రి, తక్కువ నీళ్లు కలిసినప్పుడు వస్తాయి. మన దగ్గర జనవరిలో కొంత తిరిగొస్తాయి. మిగతా నెలల్లో పచ్చగా ఉన్నా ఆకులు ముద్దగా ఉంటే మొక్క ఆరోగ్యంగా ఉన్నట్టే. రంగు కోసం ఎండాకాలంలో ఎండబెట్టకండి.

నర్సరీ నుంచి తెచ్చాక మొదట ఏం చేయాలి?

కడియం, బెంగళూరు వైపు నుంచి వచ్చే మొక్కలు ఎక్కువగా కోకోపీట్‌లో ఉంటాయి. మిగతా మొక్కలకు దూరంగా రెండు వారాలు ఉంచి పురుగు చూడండి. మట్టి పూర్తిగా ఎండాక మొక్కను తీసి, కోకోపీట్ అంతా వేళ్ల నుంచి మెల్లగా విడిపించి, మూడు రోజులు ఆరబెట్టి మన మిశ్రమంలో నాటండి. నాటిన వారానికి తొలి నీళ్లు. అక్టోబరు, నవంబరులో కొనకపోతే మంచిది. కొనేటప్పుడు మొదలు వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉండాలి.

రంగు పూసినవి, జిగురుతో కాగితం పూలు అంటించినవి కొనొద్దు. రంగు ఆకుకు వెలుతురు అందనివ్వదు. ఎర్రగా, పసుపుగా బంతిలా ఉండే మూన్ కాక్టస్‌లో పైదానికి పత్రహరితం లేదు, కింది పచ్చ కాడ మీద బతుకుతుంది. ఆ అంటు కొన్నేళ్లకు వీడిపోవడం మీ తప్పు కాదు.

జేడ్ పేరుతో రెండు మొక్కలు అమ్ముతారు. సన్నని ఎర్రటి కాడ, చిన్న పల్చటి ఆకులు ఉంటే పోర్టులకేరియా, మన ఎండకు అదే మేలు. లావు కాడ, మందమైన పెద్ద ఆకులు ఉంటే క్రాసులా.

పిల్లలు, మేకలు, కుక్కలు ఉన్న ఇంట్లో పెంచొచ్చా?

హావోర్తియా, పోర్టులకేరియా, ఎచివేరియాలతో భయం లేదు. యుఫోర్బియా పాలు కంట్లో పడితే తీవ్రమైన మంట, వాపు వస్తాయి. వెంటనే ధారగా నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి కంటి డాక్టరుకు చూపించాలి. అడీనియం పాలు విషం, ఆఫ్రికాలో బాణాల కొసలకు పూసేవాళ్లు. రణపాల, కలాంకోలు పశువులకు, మేకలకు, కుక్కలకు ప్రమాదం. కోసిన కొమ్మల్ని పెంటకుప్ప మీద పశువులకు అందేట్టు పడేయకుండా గోతిలో పూడ్చండి. యుఫోర్బియా, అడీనియం, కలాంకో రకాలను కోసేటప్పుడు చేతి తొడుగులు వేసుకుని, పని అయ్యాక బ్లేడునూ చేతుల్నీ సబ్బుతో కడగండి.